తలుపు పగిలింది, పంచులేరీ?

నేరపరిశోధన సీరియళ్లలో హంతకుడి పేరు ఎవరికీ గుర్తుండదు. మా బాన్సువాడలో ఏ చాయ్ హోటలు ముందైనా నిలబడి, 'సీఐడీ'లో పోయినసారి హత్య చేసిందెవరని అడగండి, తల గోక్కుంటారు. తలుపు పగలగొట్టేదెవరని అడగండి, హిందీ అక్షరం రాని ముసలమ్మ కూడా "దయ" అంటుంది. చచ్చినవాడు గుర్తుండడు, చంపినవాడు గుర్తుండడు, ఎందుకు చంపాడో అసలే గుర్తుండదు. పట్టుకున్నవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి మనసులో ఉండిపోతారు. వారం వారం ఒక శవం దొరకడమన్నది వాళ్లు మన ఇంటికి రావడానికి ఒక సాకు.

హిందీ సీరియల్ అంత లోపలి ఊళ్లోకి ఎట్లా వచ్చిందని కోస్తా మిత్రులు అడుగుతుంటారు. మా ఊరు మూడు రాష్ట్రాల గాలి తగిలే చోటు. పడమటికి బిచ్కుంద, మద్నూరు దాటితే మహారాష్ట్ర దెగ్లూరు. ఇంకో దిక్కు కర్ణాటక బీదర్. నిజాంసాగర్ కాలువ కింది క్యాంపుల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల తెలుగు, తండాల్లో లంబాడీ, బజార్లో ఉర్దూ, అంగడిలో అక్కడక్కడ మరాఠీ. ఇన్ని భాషలు వినీ వినీ మా చెవులు మెత్తబడ్డాయి. ఏసీపీ ప్రద్యుమన్ వేళ్లు గాల్లో తిప్పుతూ "కుఛ్ తో గడ్‌బడ్ హై" అన్నప్పుడు మాకు అనువాదం అక్కర్లేకపోయింది.

సోనీ చానెల్లో 1998 జనవరి 21న మొదలైన ఆ సీరియల్ 2018 అక్టోబరు దాకా, పదిహేను వందలకు పైగా భాగాలు నడిచింది. బి.పి. సింగ్ దాని సృష్టికర్త. 2004లో కెమెరా ఆపకుండా, ఒక్క కోత లేకుండా 111 నిమిషాల భాగాన్ని తీసి గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కాడాయన. ఆ నటుల వెనకటి బతుకులు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ప్రద్యుమన్‌గా దేశాన్ని గద్దించిన శివాజీ సాటమ్ ఒకప్పుడు బ్యాంకులో క్యాషియర్. తలుపుల పాలిటి యముడు దయానంద్ శెట్టి డిస్కస్ విసిరే క్రీడాకారుడు. అభిజీత్‌గా కనుబొమ ముడిచే ఆదిత్య శ్రీవాస్తవ, మన రామ్‌గోపాల్‌వర్మ 'సత్య'లో ఇన్‌స్పెక్టర్ ఖండిల్కర్. ఆ సినిమాలో సత్యగా నటించిన మన జేడీ చక్రవర్తి పాతికేళ్ల తర్వాత, 2023లో, తెలుగులో ఒక నేరకథా వెబ్ సిరీస్ చేస్తే దాని పేరు 'దయా' కావడం కేవలం కాకతాళీయం. మా ఊరి పిల్లలు మాత్రం ఆ పేరు చూసి తలుపులు పగులుతాయనే ఆశతో కూర్చున్నారు.

ఆ ఐదారుగురిలో అంత ఆకర్షణ ఏమిటని చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచిందిది: అది విడిపోని ఉమ్మడి కుటుంబం. కోపిష్టి పెద్దాయన, ఆయన మాట జవదాటని ఇద్దరు అన్నదమ్ములు, పెద్దాయనతో ప్రయోగశాలలో కీచులాడే డాక్టర్ సాలుంఖే, ఎంత శవం ముందున్నా నవ్వించే ఫ్రెడరిక్స్. పొలం గట్ల దగ్గర అన్నదమ్ములు వేర్లుపడే కాలంలో, ఒక ఇంటి మనుషులు ఇరవై ఏళ్లు ఒక్క గొడుగు కింద ఉన్నారు. ఆస్తి తగాదా లేదు, అలక లేదు. 2023 డిసెంబరులో ఫ్రెడరిక్స్ వేసిన దినేశ్ ఫడ్నీస్ చనిపోతే, మా వాడకట్టులో ఆయన అసలు పేరు తెలియనివాళ్లు కూడా "అయ్యో, ఫ్రెడ్డీ పోయిండట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ వారం ఆ కబురుకున్న బరువు ఏ వార్తకూ లేదు.

ఇంతకు ముందు పరిశోధకులు ఒంటరివాళ్లు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, వెంట అసిస్టెంట్ రాజు. దూరదర్శన్‌లో 1985లో క్యారెట్ కొరుకుతూ వచ్చిన కరంచంద్, వెంట అమాయకపు కిట్టీ. 1993లో బాసు చటర్జీ తీసిన 'బ్యోమ్‌కేశ్ బక్షీ'లో ధోవతి కట్టిన రజిత్ కపూర్, వెంట రాసుకునే మిత్రుడు అజిత్. ఒక మేధావి, ఆ మేధావిని చూసి నోరు తెరిచే ఒక మామూలు మనిషి. ఆ నోరు తెరిచేవాడు మనమే, ప్రేక్షకులం. తర్వాత ఒక్కడి తెలివి చాలదనుకున్నారో, ఒక్కడి మీద అంత భారం వేయడం మంచిది కాదనుకున్నారో, పరిశోధన ఒక దళం పనైంది. అమెరికాలో 1981లో మొదలైన 'హిల్ స్ట్రీట్ బ్లూస్' ఒక ఠాణాలోని మనుషులందరినీ పాత్రలు చేసింది. మనకు ఆ గుంపు కథ రుచి చూపింది 'సీఐడీ'.

పాత్ర ఒకసారి ఇంటి మనిషైపోతే రచయిత చేతిలోంచి జారిపోతుంది. కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపేశాడు. పాఠకులు ఊరుకోలేదు. చివరికి 1903లో బతికించక తప్పలేదు. 2024 డిసెంబరులో 'సీఐడీ' మళ్లీ మొదలయ్యాక, 2025 ఏప్రిల్‌లో ఏసీపీ ప్రద్యుమన్‌ను కథలో చంపేశారు. మూడు నెలలు తిరగకముందే ఆయన వెనక్కి వచ్చాడు. హోమ్స్‌కు పదేళ్లు పట్టింది, ప్రద్యుమన్‌కు అంత ఓపిక లేదు. చానెళ్ల కాలం మరి.

తెలుగు టీవీలో ఇట్లాంటి ఠాణా కుటుంబం ఎందుకు పుట్టలేదు? మన సీరియళ్లలో నేరాలకు కొదవ లేదు. పాలల్లో విషం, మెట్ల మీద నూనె, వీలునామా దొంగతనం, కడుపులో బిడ్డ మీద కుట్ర. ఒక్క సాయంత్రం సీరియళ్లలో జరిగే నేరాలకు సెక్షన్లు రాస్తే రైటరు చేయి పడిపోతుంది. అయినా పోలీసు వచ్చేది ఒక్క సన్నివేశానికే, అదీ అమాయకురాలైన కోడలికి బేడీలు వేయడానికి. 'అన్వేషిత' లాంటిది మిస్టరీతో భయపెట్టింది. జెమినీలో 2008 నుంచి 2013 దాకా నడిచిన 'మొగలిరేకులు'లో ఆర్కే నాయుడు పోలీసు బట్టల్లో ఇంటింటి ముద్దుబిడ్డయ్యాడు. కానీ అతని చుట్టూ ఉన్నది కుటుంబం, ఠాణా కాదు. ఈమధ్య ఓటీటీల్లో గాలి కొంచెం మారింది. 'వికటకవి'లో ఉస్మానియా కుర్రాడు డిటెక్టివ్ అయ్యాడు. 'విరాటపాలెం: పీసీ మీనా రిపోర్టింగ్' 2025లో ఒక మహిళా కానిస్టేబుల్‌ను కథకు నడుమ నిలబెట్టింది. భుజం మీద నక్షత్రాలు లేని మనిషి కూడా నాయిక కావచ్చునని గుర్తించడం మంచి మలుపు.

మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్‌కానిస్టేబుల్ ఉన్నారు. అందరం జమేదార్ సాబ్ అంటాం. 'సీఐడీ' చూడాలంటే ఆయన పక్కన కూర్చునే చూడాలి. ఆయన దృష్టి హంతకుడి మీద ఉండదు.

"గా ఏసీపీకి ట్రాన్స్‌ఫర్ లేదా బిడ్డా? ఇరవై ఏండ్ల సంది గదే కుర్చీల కూసుండు."

"కథ కదా జమేదార్ సాబ్."

"కథైతే మాత్రం? వీళ్లు బందోబస్తుకు పోరా? గణపతి నిమజ్జనం లేదా? మంత్రి రాడా? గీ ఠాణాల కేసు డైరీ ఎవరు రాస్తున్నరు? రైటర్ ఏడి?"

దయ తలుపు తన్నగానే ఆయన నిటారుగా కూర్చుంటారు. "తలుపు పగిలింది, పంచులేరీ? పంచులు లేకుండ తలుపు పలగ్గొడ్తె, రేపు కోర్టుల వకీలు నిన్ను పలగ్గొడ్తడు."

మేము నవ్వుతాం. ఆయన నవ్వరు. ఆ సీరియల్ మీద నేను విన్న విమర్శల్లో అంత సూటిది ఇంకొకటి లేదు.

నిజమే, తెర మీది ఠాణాలో లేనివాళ్ల జాబితా రాస్తే అసలు ఠాణా మొత్తం అందులోనే ఉంటుంది. ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా మార్చే స్టేషన్ రైటర్ లేడు. వాయిదా వాయిదాకూ కాగితాలు పట్టుకుని తిరిగే కోర్టు కానిస్టేబుల్ లేడు. శవాన్ని మార్చురీ దాకా కనిపెట్టుకుని వెళ్లే హోంగార్డు లేడు. సాలుంఖే గాజు గొట్టం ఒకసారి ఊపి ఫలితం చెప్పేస్తాడు. ఇక్కడైతే రక్తపు మరకల బట్టను పొట్లం కట్టి, సీలు వేసి, ఉత్తరం జతచేసి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు మనిషి చేత పంపాలి. అక్కడ రాష్ట్రం నలుమూలల పొట్లాలూ వరుసలో ఉంటాయి. ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడే నేరస్థలానికి రావాలని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత అంటోంది. రాష్ట్రాలకు అందుకు ఐదేళ్ల గడువు కూడా ఇచ్చింది. అంటే నిజం సాలుంఖేలు మా తాలూకాల దాకా రావడానికి ఇంకా టైముంది.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం చెంపదెబ్బ. చివరి ఐదు నిమిషాల్లో పెద్దాయన చేయి లేస్తుంది, నిందితుడు చెంప పట్టుకుని పూసగుచ్చినట్టు అంతా చెప్పేస్తాడు, "ఇక నీకు ఉరే" అని తీర్పు కూడా అక్కడే. పోలీసు ముందు నిందితుడు ఒప్పుకున్న మాట అతని మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టమే చెప్పింది. 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా అదే నిలబెట్టింది. నూట యాభై ఏళ్ల కిందట, తెల్లదొరల కాలంలోనే, ఠాణా గోడల మధ్య చెంపలు ఏం పలుకుతాయో చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఒక మినహాయింపుంది. నిందితుడు చెప్పిన మాట వల్ల కత్తి దొరికితే, ఆ దొరికినంత మేరకు ఆ మాట పనికొస్తుంది. కానీ ఆ కత్తి పలానా చోట, పలానా పూట దొరికిందని రేపు కోర్టులో నమ్మించడానికి పోలీసు మాట ఒక్కటే ఉంటే వకీలు ఊరుకోడు. పక్కన నిలబడి చూసి సంతకం పెట్టిన బయటివాళ్లు కావాలి. జమేదార్ సాబ్ అడుగుతున్న పంచులు వాళ్లే.

సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతంలోని ఇద్దరు, అంతకు మించి స్వతంత్రులూ గౌరవనీయులూ అయిన నివాసులను పిలవాలని చట్టం. మామూలు రోజుల్లో మా బజార్లో గౌరవనీయులకు కరువు లేదు. ఫ్లెక్సీల మీద చూస్తే ఊరంతా వాళ్లే. ఒక తెల్లారి మా వరసలో ఒక దుకాణం తాళం పగిలి ఉంది. పోలీసులు వచ్చి, పంచనామాకు ఇద్దరు కావాలన్నారు. అప్పటిదాకా దుకాణం ముందు ముప్పై మంది గుమిగూడి, దొంగ ఎటు నుంచి వచ్చాడో, ఎంత ఎత్తుంటాడో, ఏ రాష్ట్రం వాడో తేల్చేశారు. ఒక్కొక్కడూ ఒక్కో అభిజీత్. సంతకం మాట వినగానే ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, ఇంకొకరికి బోధన్ బస్సు టైమైంది, మూడో ఆయన ఫోన్ మోగకపోయినా మాట్లాడుతూ నడిచిపోయాడు. ముప్పై మంది డిటెక్టివులున్న చోట ఇద్దరు సాక్షులు దొరకడానికి పొద్దెక్కింది.

వాళ్లను తప్పుపట్టడం తేలిక. ఒక్క సంతకం పెడితే ఎప్పుడో రెండేళ్లకో మూడేళ్లకో సమన్లు వస్తాయి. ఆ రోజు కూలి పోతుంది. వెళ్తే వాయిదా పడుతుంది. మళ్లీ వెళ్లాలి. నిందితుడు ఇదే ఊరివాడు, పెళ్లిళ్లలో పక్క విస్తరిలో కూర్చునేవాడు. బోనులో నిలబడితే వకీలు, అప్పుడు వెలుతురెంత, నీ కళ్లద్దాల నంబరెంత అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. దొంగతనం చేసినవాడు తలొంచుకుని ఒక మూల నిలబడి ఉంటాడు, చూసినవాడికి చెమటలు పడతాయి.

ఒకప్పుడు ఈ భారం మోయడానికి ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు. నిజాం కాలం నుంచి పోలీస్ పటేల్ ఉన్నాడు. శవం కనిపిస్తే ఠాణాకు కబురు పంపేది, పంచులను పిలిపించేది ఆయన. ఆ అధికారంతో పీడించినవాళ్లూ ఉన్నారు కాబట్టి ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేస్తే జనం సంతోషించారు. తర్వాత వీఆర్వోల సంతకాలు పంచనామాల మీద కనిపించేవి. తెలంగాణలో 2020లో ఆ కొలువూ రద్దయింది. ఒక్కొక్కరే తప్పుకుంటూ పోతే చివరికి ఆ ఖాళీలో మిగిలింది నేను, మీరు, పాలు పొంగుతున్నాయని పరుగెత్తిన ఆ పెద్దమనిషి.

తెర మీద సాక్షి బతుకు ఎంత సుఖమో చూడండి. వాచ్‌మనో, పనిమనిషో, పక్క ఫ్లాటు ఆయనో వస్తారు. "రాత్రి పదకొండింటికి నల్ల కారు చూశాను సార్" అని రెండు నిమిషాల్లో చెప్పి వెళ్లిపోతారు. వాళ్లకు పేరుండదు, భయముండదు, వాయిదా ఉండదు. ఎందుకంటే ఆ ప్రపంచంలో కోర్టే లేదు. 1990లో మొదలైన అమెరికా సీరియల్ 'లా అండ్ ఆర్డర్' కథను చెరిసగం చేసింది. సగం పోలీసులు పట్టుకోవడం, సగం కోర్టులో రుజువు చేయడం. రెండో సగంలో కేసు ఓడిపోవడమూ చూపించింది. మనకు రెండో సగం లేదు. తలుపుతో మొదలై చెంపతో ముగుస్తుంది.

సాక్షి విలువ మన తెరకు తెలియదని అనలేను. వెంకటేశ్ నటించిన 'దృశ్యం' 2014లో వచ్చింది. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు, సినిమాలు చూసి చూసి చట్టం లొసుగులు నేర్చినవాడు. అతను కుటుంబాన్ని దేనితో కాపాడుకున్నాడు? కత్తితో కాదు, డబ్బుతో కాదు. బస్సు కండక్టరు, హోటలు మనిషి, సినిమా హాలు ఆపరేటరు, వీళ్ల జ్ఞాపకాలతో. ఫలానా రోజు మమ్మల్ని చూశారు అన్న మాట మామూలు మనుషుల నోట వచ్చేలా చేసి, ఐజీ స్థాయి అధికారిణిని ఓడించాడు. సాక్షి బలమెంతో మన సినిమాల్లో అందరికన్నా బాగా తెలిసినవాడు నేరాన్ని దాచిపెట్టేవాడు కావడం చేదు నిజం. దాచేవాడికి తెలిసిన ఆ విలువ, పట్టుకునేవాళ్ల సీరియళ్లకు ఎందుకు తెలియదు?

పరిస్థితి ఎక్కడ ఉన్నది అక్కడే లేదు. సాక్షులకు రక్షణ కల్పించే పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించి, దేశమంతా చట్టంలా పాటించమంది. కొత్త సురక్షా సంహిత ప్రతి రాష్ట్రమూ అట్లాంటి పథకం పెట్టాలంటోంది. సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయడం తప్పనిసరైంది కాబట్టి, నువ్వు అక్కడ ఉన్నావా లేవా అని వకీలు దబాయించే వీలు కొంత తగ్గుతుంది. అయినా కెమెరా సంతకం పెట్టదు. మనిషి పెట్టాలి.

ఠాణా కథలు రాసే తెలుగు రచయితలకు నాదొక మనవి. మీ తర్వాతి సిరీస్‌లో ఒక పంచ్ సాక్షికి పేరు పెట్టండి. అతనికి ఒక ఇల్లు, ఒక భయం, పోతున్న ఒక రోజు కూలి ఇవ్వండి. బోనులో అతను వణుకుతూ నిలబడి నిజం చెప్పే ఆ పది నిమిషాలు, దయ పగలగొట్టిన తలుపులన్నిటికన్నా ఉత్కంఠగా ఉంటాయి. జమేదార్ సాబ్ మొదటిసారి ఛానెల్ మార్చకుండా, తప్పు పట్టకుండా చూస్తారని హామీ ఇవ్వగలను.

ఇక మనలాంటి చూసేవాళ్లకు. మీ వీధిలో తాళం పగిలిననాడు దొంగ ఎవరో చెప్పే తొందర వద్దు, అది పోలీసుల పని. ఇద్దరు కావాలి అని వాళ్లు అడిగినప్పుడు మాత్రం ఒక అడుగు ముందుకు వేయండి. మీరు నిజంగా చూసింది మాత్రమే రాశారో లేదో చదువుకుని, కింద సంతకం పెట్టండి.